కాగితం ఎవరి అవసరానికి పుట్టింది? పూర్వీకుల వెతుకులాటలో అపోహలు, వాస్తవాలు

మా నాన్న దస్తావేజు లేఖరి. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు ఎదురుగా బల్ల వేసుకుని కూర్చునేవారు. వేసవి సెలవుల్లో ఆయన పక్కన కూర్చునే పాత రాతలు చదవడం నేర్చుకున్నాను. ఇప్పుడు నా పని అదే. ఎవరైనా మా తాతముత్తాతల వివరాలు కావాలని వస్తే, పాత కాగితాలు వెతికి, చదివి, తరాలు కలిపి ఇస్తాను. చదివే ముందు ఆ కాగితం ఎవరి అవసరం కోసం పుట్టిందో చూడమనేవారు నాన్న. పన్ను కోసమా, పంపకం కోసమా, కోర్టు కోసమా, కూలీల లెక్క కోసమా అన్నది తెలిస్తే, అందులో ఎవరి పేరు ఉంటుందో, ఎవరి పేరు ఉండదో ముందే అర్థమవుతుంది. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామందికి ఈ సంగతి తెలియక ఏళ్లు వృథా అవుతున్నాయి. తరచూ వినే అపోహలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: భూములున్నవాళ్లకే చరిత్ర దొరుకుతుంది, కూలినాలి చేసుకున్నవాళ్లకు ఏమీ దొరకదు.

ఈ మాట విన్న ప్రతిసారీ నాకు బాధేస్తుంది. ఎందుకంటే ఇది నమ్మి చాలామంది అసలు వెతకడమే మానేస్తారు. వందెకరాల ఆసామి మన రికార్డుల్లో ఎలా కనిపిస్తాడు? సర్వే నంబరు, విస్తీర్ణం, శిస్తు, పట్టాదారు పేరు. అంతే. ఆయన పొడుగో పొట్టో కూడా తెలియదు. అదే 1860 నవంబరు 16న మద్రాసు నుంచి డర్బన్ చేరిన ట్రూరో ఓడ మొదలు 1911 దాకా దక్షిణాఫ్రికాలోని నేటాల్ వెళ్లిన 1,52,184 మంది ఒప్పంద కూలీల జాబితాలు చూడండి. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఎత్తు, ఒంటి మీద పుట్టుమచ్చలు, గాట్లు అన్నీ ఉంటాయి. మారిషస్‌లో మోకాలోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్న వలస రికార్డుల్లోనైతే చాలామంది ఫోటోలు కూడా ఉన్నాయి. ఎడమ మోకాలి కింద కాలిన మచ్చ ఉందని ఒక కూలీ గురించి చదువుతుంటే ఆ మనిషి ఎదురుగా నిలబడ్డట్టే ఉంటుంది. పారిపోతే పట్టుకోవడానికి గుర్తులు రాసుకున్నారు అధికారులు. అవే ఇప్పుడు మనవళ్లకు మిగిలాయి.

ఊళ్లోనే ఉండిపోయినవాళ్ల సంగతి? మద్రాసు ప్రెసిడెన్సీలో 1860ల్లో ఇనాం కమిషన్, అంటే శిస్తు లేకుండానో తక్కువ శిస్తుకో ఇచ్చిన భూముల మీద విచారణ చేసిన కమిషన్, తయారుచేసిన ఇనాం ఫెయిర్ రిజిస్టర్లలో అగ్రహారాలు, గుడి మాన్యాలతో పాటు మంగలి, చాకలి, కుమ్మరి, వడ్రంగి వాళ్ల సర్వీసు మాన్యాలు కూడా ఉన్నాయి. మాన్యం మొదట ఎవరికిచ్చారు, ఇప్పుడు ఎవరు అనుభవిస్తున్నారు, ఇద్దరికీ చుట్టరికం ఏమిటని అడిగి మరీ రాశారు. క్రైస్తవ కుటుంబాలకు చర్చి బాప్తిస్మపు రిజిస్టర్లు ఉన్నాయి. 1876-78 నాటి ధాత కరువు తర్వాత 1878 జూలై 3న ఒంగోలు దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ కుటుంబాలలో చాలావాటికి సెంటు భూమి లేదు.

ఇక కాగితం లేని చరిత్ర. మాదిగలకు డక్కలివాళ్లు, పద్మశాలీలకు కూనపులివాళ్లు, విశ్వబ్రాహ్మణులకు రుంజవాళ్లు, రెడ్లకూ కాపులకూ పిచ్చుకుంట్లవాళ్లు. ఈ ఆశ్రిత కులాలవాళ్లు తమ దాతల గోత్రాలు, వంశాలు నోటికి చెబుతారు. వాళ్లు చెప్పేదంతా తేదీలతో సరిపోదు, నిజమే. కానీ ఫలానా ఇంటిపేరువాళ్లు ఏ ఊరి నుంచి కదిలారో, ఏ ఇంటివాళ్లతో పొత్తు కలిపారో వాళ్లు చెప్పింది పట్టుకుని నేను రెవెన్యూ రికార్డు దాకా వెళ్లిన సందర్భాలున్నాయి. మీ ఊరికి ఇంకా వాళ్లు వస్తుంటే ఈ ఏడాదే కూర్చోబెట్టి రికార్డు చేసుకోండి. వాళ్ల పిల్లలు ఆ విద్య నేర్చుకోవడం లేదు.

అపోహ: పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు, ఊరు నాలుగూ కలిస్తే ఆయనే మా ముత్తాత.

తాత పేరు మనవడికి పెట్టే ఆచారం మనది. రామయ్య కొడుకు వెంకయ్య, వెంకయ్య కొడుకు రామయ్య, ఆ రామయ్య కొడుకు మళ్లీ వెంకయ్య. పైగా ఇద్దరు అన్నదమ్ములూ తమ పెద్దకొడుకులకు తండ్రి పేరే పెడతారు. ఒకే తరంలో, ఒకే ఊళ్లో, ఒకే ఇంటిపేరుతో ఇద్దరు రామయ్యలు. ఊళ్లో పెద రామయ్య, చిన రామయ్య అని పిలుచుకుంటారు. రికార్డు రాసేవాడు ఒక్కోసారి అది రాస్తాడు, ఒక్కోసారి వదిలేస్తాడు.

ఒక కుటుంబం నాకు చూపించిన వంశవృక్షంలో ఒకాయన 1870లలో పట్టాదారు, 1923లో పంపకాల దస్తావేజులో సంతకం చేసినవాడు. లెక్క వేస్తే అప్పటికి బాగా ముసలివాడై ఉండాలి, నాకు అనుమానం వచ్చింది. ఆ దస్తావేజు తెప్పించి చూశాను. అందరూ పైన పేర్లు చదివి వదిలేస్తారు, నేను కింద హద్దులు చదువుతాను. 'తూర్పు: పెద రామయ్య వారసుల చేను. దక్షిణం: పుంత. పడమర: ఈ రెండో వాటా. ఉత్తరం: పంట బోదె.' తూర్పు హద్దులో ఉన్న ఆ పెద రామయ్యే 1870ల నాటి పట్టాదారు. అప్పటికే చనిపోయాడు కాబట్టి వారసులు అని రాశారు. సంతకం చేసింది ఆయన మనవడు. ఒక్క హద్దు వాక్యంతో మధ్యలో మాయమైన తరం బయటపడింది. అన్నదమ్ములు పంచుకున్న చేలు పక్కపక్కనే ఉంటాయి కదా, అందుకే దస్తావేజులో నాలుగు దిక్కులూ చదవాలి.

ఇంటిపేరు సంగతీ అంతే. ఊరి పేరు మీద వచ్చిన ఇంటిపేరు వేరువేరు కులాల్లో కూడా ఉంటుంది. దత్తత వెళ్తే ఇంటిపేరు, తండ్రి పేరు రెండూ మారతాయి. ఇల్లరికం వెళ్లినవాడి పిల్లలు అమ్మ ఊరి రికార్డుల్లో తేలతారు. వెతుకుతున్న మనిషి ఒక ఏడాది తర్వాత ఎక్కడా కనిపించకపోతే చనిపోయాడని అనుకోకండి, ముందు దత్తత పత్రం వెతకండి.

అపోహ: ఆడవాళ్ల పేర్లు రికార్డుల్లో దొరకవు.

పన్ను రికార్డుల్లో తక్కువే. శిస్తు కట్టేవాడి పేరు చాలు వాళ్లకు. కానీ ఆస్తి ఆడవాళ్ల చేతి మీదుగా కదిలిన ప్రతిచోటా వాళ్ల పేరుంది. పసుపు కుంకుమ కింద కూతురికి ఇచ్చిన పొలం దస్తావేజు, వితంతువుకు మనోవర్తి రాసిన కాగితం, దత్తత పత్రం, వీలునామా, మైనరు కొడుకు తరపున గార్డియన్‌గా తల్లి పేరు. అప్పు తీర్చలేక పొలం అమ్మినప్పుడు భార్య, కోడళ్లు కూడా వేలిముద్రలు వేసిన దస్తావేజులు చాలా చదివాను. 'ని', అంటే నిశానీ, అని రాసి పక్కన నల్లటి వేలిముద్ర. ఆ ముద్ర తప్ప ఆవిడది మరో గుర్తు ఆ ఇంట్లో ఎవరి దగ్గరా లేదు.

అన్నిటికంటే దగ్గరది మీ ఇంట్లోనే ఉండొచ్చు. తర్పణాలు వదిలే ఆచారం ఉన్న ఇళ్లలో తండ్రి, తాత, ముత్తాతల పేర్లే కాదు, తల్లి, నాయనమ్మ, ముత్తమ్మల పేర్లు, అమ్మ పుట్టింటివాళ్ల పేర్లు కూడా చెప్పుకోవాలి. పుష్కరాలకు వెళ్లేముందు ఏ పెదనాన్నో అవన్నీ ఒక చిన్న నోటు పుస్తకంలో రాసుకుని ఉంటాడు. ఓ ఇంట్లో అలాంటి పుస్తకం పంచాంగాల కట్ట మధ్య దొరికింది. పసుపు మరకల మధ్య పద్దెనిమిది పేర్లు, ఎనిమిది మంది ఆడవాళ్లవి. ఆ కుటుంబం మూడేళ్లుగా వెతుకుతున్న నాయనమ్మ అత్తగారి పేరు అందులో ఐదోది.

అపోహ: సర్టిఫికెట్‌లో ఉన్న పుట్టినతేదీయే సరైనది.

జూలై 1న పుట్టిన పెద్దవాళ్లు మన ఊళ్లలో ఎంతమందో మీకూ తెలుసు. బడిలో చేర్చినరోజు మాస్టారు వేసిన తేదీ అది. పాత జనన రిజిస్టరులో దొరికినా, చాలాసార్లు బిడ్డ పేరు ఉండదు. మగ శిశువు, తండ్రి ఫలానా, అంతే. నామకరణం కాకముందే మునసబు రాసుకున్నాడు మరి.

జాతకంలో సంవత్సరం పేరు ఉంటుంది కానీ అది అరవై ఏళ్లకోసారి తిరిగి వస్తుంది. నందన అంటే 1952 కావచ్చు, 1892 కావచ్చు, 1832 కావచ్చు. నెల, తిథి, వారం, నక్షత్రం కూడా ఉంటే పాత పంచాంగంతో సరిచూసి ఏ నందనో తేల్చొచ్చు. ఏమీ లేనప్పుడు పెద్దల మాటల్లో గుర్తులు పట్టుకోవాలి. ధాత కరువులో పుట్టింది అంటే 1876-78. బందరు ఉప్పెన ఏడు అంటే 1864 నవంబరు.

రెవెన్యూ లెక్కల్లో వాడే సంవత్సరం ఫసలీ. ఆ లెక్కలో చాలామంది పొరపాటు పడతారు. ఫసలీకి 590 కలిపితే ఆ ఫసలీ మొదలైన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. అయితే మద్రాసు వైపు ఫసలీ జూలై 1న మొదలవుతుంది, నిజాం రాజ్యంలో ఆజుర్ నెలతో, అంటే అక్టోబరులో మొదలయ్యేది. ఫసలీ 1357 ఆంధ్ర వైపు 1947 జూలై నుంచి, తెలంగాణలో 1947 అక్టోబరు నుంచి. సరిహద్దు గ్రామాల కుటుంబాలకు ఈ మూడు నెలల తేడాతోనే ఎవరు ముందు చనిపోయారన్నది తారుమారవుతుంది.

అపోహ: అంతా ఆన్‌లైన్‌లో ఉంది.

ఈసీ, అంటే ఒక ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా, ఆన్‌లైన్‌లో మామూలుగా 1983 నుంచి వస్తుంది. అంతకుముందువాటికి సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ఇండెక్సు వెతికించాలి. స్థిరాస్తి దస్తావేజులు నకలు చేసే ఒకటో పుస్తకం రుసుము కట్టి ఎవరైనా చూడొచ్చు, ఆ హక్కు 1908 రిజిస్ట్రేషన్ చట్టంలోనే ఉంది. తెలంగాణలో 1954-55 ఖాస్రా పహాణీ (ఏ భూమి ఎవరిది, ఎవరు సాగుచేస్తున్నారన్న రికార్డు), దానికి ముందు సేత్వార్ (తొలి సర్వే సెటిల్‌మెంట్ రికార్డు) చూడాలి. పాతవి ఉర్దూలో ఉంటాయి, గొలుసుకట్టు రాత చదవగలిగిన పెద్దాయన ఒకరు కావాలి. 1984లో కరణం, మునసబు వ్యవస్థ రద్దయినప్పుడు కొన్ని ఊళ్ల లెక్కలు అటకల మీదే ఉండిపోయాయి. మర్యాదగా వెళ్లి అడిగితే కరణంగారి మనవళ్లు చూపిస్తారు. జనాభా లెక్కల్లో మా ఇంటి పేజీ కావాలని అడుగుతారు కొందరు. ఆ కాలపు ఇంటింటి చీటీలు లెక్కకట్టాక ఉంచలేదు. అటు టైం పెట్టకండి.

అపోహ: కాగితంలో రాసిన ఊరు మ్యాపులో లేదు, కాబట్టి అబద్ధం రాయించారు.

డర్బన్ నుంచి ఒకావిడ తన ముత్తాత ఓడ జాబితా వరుస పంపారు. జిల్లా గంజాం, తాలూకా చికాకోల్. గంజాం ఒడిశాలో ఉందని ఇంట్లోవాళ్లు అటువైపు రెండుసార్లు తిరిగివచ్చారు. తెలుగు మాట్లాడే ముత్తాత ఒడిశావాడు ఎలా అయ్యాడని వాళ్లలో వాళ్లకే గొడవ. చికాకోల్ అంటే మన శ్రీకాకుళం. 1936లో ఒరిస్సా విడిపోయేదాకా అది గంజాం జిల్లాలోనే ఉండేది, తర్వాత విశాఖ జిల్లాలో కలిసింది, 1950లో సొంత జిల్లా అయింది. ఒంగోలు కూడా అంతే, 1904 వరకు నెల్లూరు జిల్లా, ఆపైన గుంటూరు, 1970లో ఒంగోలు జిల్లా, 1972 నుంచి ప్రకాశం. కాగితం రాసిన ఏడాదిలో ఆ ఊరు ఏ జిల్లాలో ఉందో తెలుసుకోకుండా బస్సు ఎక్కకూడదు.

ఊరి పేరు ఇంకా కష్టం. చెప్పినవాడు ఉత్తరాంధ్ర యాసలో చెప్పాడు, రాసుకున్న గుమస్తా వేరే భాషవాడు, చెవికి వినపడింది ఇంగ్లీషులో రాశాడు. అందులో త, ట ఒక్కటే, ల, ళ ఒక్కటే. నేను ఆ పేరుని రకరకాలుగా పైకి చదివి, పాత తాలూకా గ్రామాల జాబితా పక్కన పెట్టుకుని సరిచూస్తాను. ఆవిడ విషయంలో రెండు ఊళ్లు మిగిలాయి, తాలూకా హద్దు చూస్తే ఒకటే మిగిలింది. ఊరు తేలింది, ఇల్లు తేలలేదు. జాబితాలో ఇంటిపేరు రాయలేదు మరి. ఆవిడ వచ్చి ఆ ఊరి చెరువుగట్టు మీద గంటసేపు కూర్చుని వెళ్లారు.

బర్మా వెళ్లినవాళ్ల కుటుంబాలకు ఒక మాట. అక్కడ మనవాళ్లను కోరంగీలు అనేవారు, కోరంగి రేవు పేరు మీద. ఎక్కువమంది కూలీలను కూర్చి తీసుకెళ్లే మేస్త్రీల కింద వెళ్లారు కాబట్టి నేటాల్ లాంటి ఒప్పంద జాబితాలు వాళ్లకు ఆశించవద్దు. ఇంటికి పంపిన మనియార్డర్ రసీదులు, ఉత్తరాల మీద పోస్టాఫీసు ముద్రలు దాచి ఉంటే అవే చూడండి.

అపోహ: కైఫీయతులో ఉంది, జీవితచరిత్రలో అచ్చయింది, ఇంకేం కావాలి?

ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కల్నల్ మెకంజీ 1800ల తొలి ఏళ్లలో కావలి సోదరులు, ఇతర సహాయకుల చేత ఊరూరా కరణాలను అడిగించి కైఫీయతులు, అంటే ఊళ్ల చరిత్ర చెప్పే రాతలు, సేకరించాడు. నాకు ఎంతో ఇష్టమైన కాగితాలవి. అయితే కరణం తన మిరాశీ (వంశపారంపర్య) హక్కు ఎంత పాతదో చూపించుకోవాలనుకున్నప్పుడు వంశం పొడుగ్గానే చెబుతాడు. జమీందారు డబ్బుతో అచ్చయిన వంశచరిత్రా అంతే. మీ ఇంటిపేరు కనిపించగానే మధ్యలో ఉన్న ఐదారు తరాలు దూకి ఆ పేరుకి తాడు కట్టేయకండి. ఎవరి ఆత్మకథలోనో మీ తాత పేరు ఒక్క వాక్యంలో వస్తే అది ఎక్కువ నమ్మకమైనది, ఎందుకంటే ఆ రాసినవాడికి మీ తాతను గొప్ప చేయాల్సిన అవసరం లేదు.

తరానికి తరం కలపాలంటే వేరువేరు అవసరాలకు పుట్టిన రెండు కాగితాలైనా ఉండాలన్నది నా పద్ధతి. శిస్తు రికార్డు ఒకటి, పంపకం దస్తావేజు ఒకటి, అలా. రెండూ ఉంటే పెన్నుతో గీస్తాను, ఒకటే ఉంటే పెన్సిల్‌తో. మా నాన్నగారి వైపు వంశవృక్షంలో నాలుగో తరం దగ్గర గీత ఇప్పటికీ పెన్సిల్‌తోనే ఉంది.