తిమింగలాల ఆకలి వెనుక బేరింగ్ బురద

2018 డిసెంబరు నుంచి 2023 నవంబరు దాకా మెక్సికో, అమెరికా, కెనడా పసిఫిక్ తీరాల్లో 690 బూడిదరంగు తిమింగలాలు ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. కొన్ని ఓడలు గుద్ది చనిపోయాయి. చాలావాటి ఒంట్లో మాత్రం కొవ్వు కరిగిపోయి ఉంది. 2016లో దాదాపు 27 వేలున్న ఈ జాతి 2025 నాటికి సుమారు 13 వేలకు పడిపోయింది.

వీటి తిండి పైనీళ్లలో ఉండదు. పక్కకు ఒరిగి సముద్రం అడుగున బురదను పీల్చి, నీళ్లూ మట్టీ వదిలేసి, రొయ్యను పోలిన యాంఫిపాడ్‌లనే చిన్న ప్రాణులను మింగుతాయి. ఏడాదికి సరిపడా కొవ్వును వేసవి నాలుగైదు నెలల్లోనే పోగుచేసుకోవాలి. అందుకోసం మెక్సికో మడుగుల నుంచి వేల కిలోమీటర్లు ఈదుకుంటూ అలాస్కాకూ రష్యాకూ మధ్యనున్న బేరింగ్ జలసంధి దాకా వస్తాయి.

అంత చల్లటి నీళ్ల అడుగున అంత తిండి ఎక్కడిది? ఆ చలే దానికి కారణం. వసంతంలో మంచు అడుగున నాచు పడుతుంది. మంచు కరిగే అంచున సూక్ష్మమైన శైవలాలు ఒక్కసారిగా విజృంభిస్తాయి. నీళ్లు ఇంకా గడ్డకట్టే చల్లదనంలోనే ఉంటాయి కాబట్టి వాటిని మేసే చిన్న ప్రాణులు అప్పటికి పుంజుకోవు. లోతు కూడా చాలాచోట్ల 50 మీటర్లకు అటూఇటే. దాంతో పైన పండిన పంటలో పెద్ద వాటా ఎవరూ ముట్టకుండానే కిందికి రాలుతుంది. ఆల్చిప్పలు, పురుగులు, యాంఫిపాడ్‌లు దాన్ని తిని బతుకుతాయి. వాటిని తిమింగలాలు, పొడవాటి కోరలున్న వాల్రస్‌లనే సముద్ర జంతువులు, పీతలు తింటాయి. ఆ సముద్రంలోని సెయింట్ లారెన్స్ దీవిలో ఉండే యూపిక్ ఆదివాసులు వాల్రస్‌ను వేటాడితే దాని కడుపులోని ఆల్చిప్పలను కూడా వదలరు. అడుగు బురదకూ మనిషి ఆకలికీ అక్కడ అంత దగ్గరి సంబంధం.

ధ్రువ సముద్రాల అడుగున ప్రాణం ఉందని తెలిసి రెండు శతాబ్దాలు దాటింది. 1818లో బ్రిటిష్ నావికుడు జాన్ రాస్ గ్రీన్‌లాండ్ పక్కనున్న బాఫిన్ అఖాతంలో లోతు కొలవడానికి దించిన తాడుకు కొమ్మలు కొమ్మలుగా చేతులున్న నక్షత్ర జీవి ఒకటి చిక్కుకుని వచ్చింది. కానీ 'ఉందా' అన్న ప్రశ్న నుంచి 'ఎంత ఉంది' అన్న ప్రశ్నకు రావడానికి చాలా కాలం పట్టింది. 20వ శతాబ్దం మొదట్లో డెన్మార్క్‌లో పీటర్సన్ అనే శాస్త్రవేత్త చేపలకు ఎంత మేత ఉందో లెక్కగట్టాలని, కొలిచిన వైశాల్యం మేరకు బురదను పట్టుకొచ్చే ఇనుప దోసిలి తయారు చేశారు. అదే పద్ధతిలో సోవియట్ శాస్త్రవేత్తలు రష్యాకు ఉత్తరానున్న బారెంట్స్ సముద్రం అడుగును కొలిచారు. బురదను జల్లెడ పట్టి, మిగిలిన ప్రాణులను తూచి, చదరపు మీటరుకు ఇన్ని గ్రాములని చెప్పడం. దీన్నే బయోమాస్ అంటున్నారు. వినడానికి మామూలు పనిలా ఉంటుంది గానీ, ఈ తూకమే లేకపోతే తర్వాత జరిగిన నష్టానికి ఈ రోజు రుజువే ఉండేది కాదు.

బేరింగ్ సముద్రం ఉత్తర భాగంలో ఈ తూకం 1980లలో గట్టిగా మొదలైంది. జాకీ గ్రెబ్‌మైర్ లాంటి శాస్త్రవేత్తలు అప్పటి నుంచీ మళ్లీ మళ్లీ అక్కడికే వెళ్లారు. 2002-03లో కొలిచినప్పుడు తిమింగలాలు మేసే చోట యాంఫిపాడ్‌లు 1980ల నాటికన్నా బాగా తగ్గాయి. నీళ్లు వేడెక్కుతున్నాయనీ, దక్షిణాన ఉండే చేపలు ఇటు వస్తున్నాయనీ, తిమింగలాలు మేత కోసం ఇంకా ఉత్తరానికి జరుగుతున్నాయనీ 2006లో గ్రెబ్‌మైర్ బృందం ప్రకటించింది. 2010 నుంచి కొన్ని చోట్లను ఖాయం చేసుకుని, పలు దేశాల ఓడలు ఏటా అవే చోట్ల కొలుస్తున్నాయి.

నింద మొత్తం వేడి మీదే వేయడం సరికాదు. వేట ఆగాక తిమింగలాల సంఖ్య బాగా కోలుకుని, 1994లో అమెరికా వాటిని అంతరించే జాతుల జాబితా నుంచి తీసేసింది. 1999-2000లోనూ ఇలాగే పెద్దఎత్తున చనిపోయి, మళ్లీ పెరిగాయి. ఈ ఎత్తుపల్లాలు అడుగున ఉన్న మేతనూ, మంచు ఎన్ని రోజులు దారి వదిలిందన్న దాన్నీ బట్టి నడిచాయని 2023లో వచ్చిన అధ్యయనం చూపింది. నాకు ఆందోళన కలిగించేది ఈసారి కోలుకోవడం ఆలస్యం కావడమే.

ఇదే సముద్రంలో పీతల కథ ఇంకా వేగంగా జరిగిపోయింది. 2017-18 చలికాలంలో బేరింగ్ మీద మంచు ఎన్నడూ లేనంత తక్కువగా పట్టింది. వేసవిలో కూడా 2 డిగ్రీలు దాటకుండా అడుగున నిలవాల్సిన చల్లటి నీరు ఆ ఏడాది దాదాపు కనిపించలేదు. 2018, 2021 మధ్య 1,000 కోట్లకు పైగా స్నో క్రాబ్‌లు మాయమయ్యాయి. నీళ్లు వేడెక్కితే పీత ఒంటికి ఎక్కువ తిండి కావాలి. ఇరుకైన చోట అన్ని పీతలకు అది దొరక్క ఆకలితో చనిపోయాయని శాస్త్రవేత్తల నిర్ధారణ. 2022లో అలాస్కా మొట్టమొదటిసారి ఆ వేటను మూసేసింది. దాని మీదే బతికే దీవుల ఆదాయం ఒక్కసారిగా పడిపోయింది. రెండేళ్ల తర్వాత వేట మళ్లీ మొదలైంది కానీ, చాలా చిన్న కోటాతో.