గేమ్ జామ్‌లు, ఫీడ్‌బ్యాక్: నేను తరచూ వినే అపోహలు, ఆడి చూసిన వాస్తవాలు

గేమ్ జామ్ అంటే తెలియనివాళ్ల కోసం ముందుగా ఒక్క ముక్క. ఒక థీమ్ ఇస్తారు, గడియారం మొదలవుతుంది, 48 గంటల్లోనో 72 గంటల్లోనో ఆడటానికి వీలైన ఒక చిన్న గేమ్ చేసి పెట్టాలి. ఆ తర్వాత వారం నుంచి మూడు వారాల దాకా, పాల్గొన్నవాళ్లే ఒకరి గేమ్ ఇంకొకరు ఆడి రేటింగ్ ఇస్తారు, కామెంట్లు రాస్తారు. 2002లో మొదలైన లూడమ్ డేర్ అనే జామ్ ఇలాగే నడుస్తోంది. గేమ్‌లు పెట్టుకునే ఇచ్ డాట్ ఐఓ సైట్లో అయితే ఏ వారం చూసినా బోలెడన్ని జామ్‌లు నడుస్తూనే ఉంటాయి. నేను ఏడేళ్లుగా వీటిలో గేమ్‌లు పెడుతున్నాను, అంతకంటే ఎక్కువగా వేరేవాళ్ల గేమ్‌లు ఆడి కామెంట్లు రాస్తున్నాను. హైదరాబాద్‌లో నాకు తగిలే జూనియర్లతో మాట్లాడితే ఒకటి అర్థమైంది: గేమ్ చేయడమంటే వాళ్లకు పెద్ద భయం లేదు, చేసిన గేమ్ గురించి ఎలా చెప్పాలి, చెబితే ఎలా వినాలి అన్న దగ్గరే తడబడుతున్నారు. అందుకని ఆ భాగం కాస్త ఎక్కువగా రాస్తాను.

అపోహ: జామ్ అంటే పోటీ. ర్యాంకు రాకపోతే రెండు రోజులూ దండగ.

2009 నుంచి ఏటా జరుగుతున్న గ్లోబల్ గేమ్ జామ్‌లో అసలు ప్రపంచవ్యాప్త ర్యాంకులే లేవు. లూడమ్ డేర్‌లో ర్యాంకులు ఉన్నాయి కానీ బహుమతి ఏమీ ఉండదు. ఎంసెట్ ర్యాంకుల మధ్య పెరిగినవాళ్లం కదా, అంకె కనబడగానే దాని వెంట పడతాం. అంకె పక్కనున్న కామెంట్లు చదవకుండా ర్యాంకు మాత్రం స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నవాళ్లని చాలామందిని చూశాను. ఆ కామెంట్లలో ఉన్నంత సమాచారం ర్యాంకులో ఉండదు.

అపోహ: రెండు రాత్రులూ జాగారం చేయాలి.

నా రెండో జామ్‌లో హాస్టల్ గదిలో ముగ్గురం ఇదే చేశాం. రెండో రాత్రి నాలుగింటికి నేను కొలిజన్ కోడ్ (గేమ్‌లో ఒకటి ఇంకోదానికి తగిలిందా అని చూసేది) పాడు చేశాను, ఎక్కడ పాడు చేశానో వెతకడానికి మూడు గంటలు పట్టింది, చివరికి చూస్తే ఒక ప్లస్ ఉండాల్సిన చోట మైనస్ ఉంది. డెడ్‌లైన్‌కి ఆరు నిమిషాల ముందు హడావిడిగా అప్‌లోడ్ చేసిన బిల్డ్‌లో (ఆడటానికి సిద్ధం చేసిన గేమ్ ఫైళ్లలో) శబ్దం లేదు. ఎందుకంటే కోడ్‌లో ఫైల్ పేరు చిన్న అక్షరాలతో ఉంది, ఫోల్డర్‌లో మొదటి అక్షరం పెద్దది. మన విండోస్ ఆ తేడా పట్టించుకోదు, వెబ్ సర్వర్ పట్టించుకుంటుంది. నిద్రపోయి లేచిన మనిషికి పది నిమిషాల్లో దొరికే తప్పు అది.

అప్పటినుంచి నా పద్ధతి ఇది. మొదటి రెండు గంటల్లోనే, గేమ్‌లో ఒక చతురస్రం అటూ ఇటూ కదిలితే చాలు, దాన్ని బ్రౌజర్లో ఆడే వెబ్ బిల్డ్‌గా ఎగుమతి చేసి పేజీలో పెట్టి చూస్తాను. ఎక్కడ తేడా వస్తుందో అప్పుడే తెలిసిపోతుంది. మొదట్లో ఒక "మొదలుపెట్టు" బటన్ కూడా పెడతాను, ఎందుకంటే ఆడేవాళ్లు ఒకసారి క్లిక్ చేసేదాకా బ్రౌజర్లు సాధారణంగా శబ్దం రానివ్వవు. మొదటి రోజు రాత్రికి మొదలు నుంచి చివరిదాకా ఆడగలిగే గేమ్ ఉండాలి, ఎంత మొరటుగా ఉన్నా సరే. రెండో రోజు వేరేవాళ్ల చేత ఆడించడానికి. ఇది ఒక్కటి కుదిరితే ఇంకేం తప్పినా ఫర్వాలేదు.

అపోహ: పెద్ద హిట్ గేమ్‌లు జామ్‌లో పుట్టాయి కాబట్టి పెద్ద ఐడియాతోనే మొదలుపెట్టాలి.

పుట్టిన మాట నిజమే. బాబా ఈజ్ యూ 2017 నార్డిక్ గేమ్ జామ్‌లో పుట్టింది, పూర్తి గేమ్‌గా వచ్చింది 2019లో. ఇన్‌స్క్రిప్షన్ 2018 డిసెంబర్‌లో లూడమ్ డేర్‌కి చేసిన చిన్న కార్డుల గేమ్ నుంచి మొదలై 2021లో వచ్చింది. సెలెస్ట్‌ని ముందు పికో-8 అనే బుల్లి గేమ్ తయారీ టూల్‌లో నాలుగు రోజుల్లో చేశారు, ఆ స్క్రీన్ మొత్తం 128 పిక్సెళ్ల చతురస్రం, 16 రంగులు. వీటిలో ఏ ఒక్కదాని తొలి రూపం చూసినా పెద్ద ఐడియా కనబడదు, ఒక్క పని కనబడుతుంది. బాబాలో అయితే పదాల దిమ్మెల్ని తోసి ఆట నియమాన్నే మార్చడం. సెలెస్ట్‌లో దూకడం, గాల్లో ఒక్కసారి దూసుకెళ్లడం, అంతే. మిగతాదంతా ఆ తర్వాతి ఏళ్ల కష్టం. ఇన్వెంటరీ, షాపు, ఐదుగురు విలన్లు, కథలో మలుపు అని కాగితం నిండా రాసుకొచ్చే టీమ్‌కి నేను ఒకటే అడుగుతాను: ఆడేవాళ్లు ఏ బటన్ నొక్కితే ఏం జరుగుతుంది? దానికి ఒక్క వాక్యంలో జవాబు వచ్చిందా, చాలు, మొదలుపెట్టేయొచ్చు.

అపోహ: బొమ్మలు వేయడం, సంగీతం చేయడం రాకపోతే జామ్ మన వల్ల కాదు.

కెన్నీ అనే సైట్లో ఉన్న గేమ్ బొమ్మలు వేలకొద్దీ ఉచితం, పేరు చెప్పాల్సిన పని కూడా లేదు (చాలా జామ్‌లు ఒప్పుకుంటాయి, సొంతంగా చేసిందే వాడాలనే జామ్‌లూ ఉన్నాయి, నియమాలు చదవండి). చిన్న చిన్న శబ్దాలకు అందరూ వాడే ఎస్‌ఎఫ్‌ఎక్స్‌ఆర్ అనే టూల్‌ని 2007లో ఒకాయన లూడమ్ డేర్‌లో పాల్గొనేవాళ్ల కోసమే చేసి పెట్టాడు. బటన్ నొక్కితే దూకే శబ్దం, పేలే శబ్దం తయారైపోతాయి.

అపోహ: రేటింగ్ తక్కువ వచ్చిందంటే గేమ్ బాలేదు.

ముందు లెక్క చూడండి. లూడమ్ డేర్‌లో కనీసం 20 రేటింగులు రాకపోతే ర్యాంకే ఇవ్వరు. ఇచ్‌లో ఇంకో పద్ధతి ఉంది: జామ్‌లో గేమ్‌లకు వచ్చిన రేటింగుల సంఖ్యలో మధ్యస్థం (వరసలో పెడితే సరిగ్గా నడుమ వచ్చే అంకె) చూస్తారు, మీకు అంతకంటే తక్కువ మంది రేటింగ్ ఇస్తే స్కోరు తగ్గిస్తారు. మధ్యస్థం 16 అనుకోండి, మీకు 9 మందే ఇచ్చారు, వాళ్ల సగటు 4. అప్పుడు 9ని 16తో భాగించి వర్గమూలం తీస్తే 0.75 వస్తుంది, మీ స్కోరు 3కి పడిపోతుంది. గేమ్ ఆడినవాళ్లందరికీ నచ్చింది, ఆడినవాళ్లే తక్కువ. నా అనుభవంలో దీనికి అసలు కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే: బ్రౌజర్లో ఆడే బిల్డ్ లేకపోవడం. ముక్కూమొహం తెలియనివాళ్ల ఎగ్జి ఫైల్‌ని డౌన్‌లోడ్ చేసి, విండోస్ ఇచ్చే హెచ్చరికని దాటి ఎంతమంది ఆడతారు? రెండో కారణం, మనం వేరేవాళ్ల గేమ్‌లు ఆడకపోవడం. మనం ఆడి నాలుగు మాటలు రాస్తే వాళ్లూ వచ్చి మనది ఆడతారు. పెళ్లిళ్లకి వెళ్లే లెక్కే ఇదీ.

అపోహ: పాపం రెండు రోజుల్లో చేశారు, "సూపర్ బ్రో" అంటే సరిపోతుంది.

ఇది మంచి మనసుతో చేసే తప్పు, అందుకే దీని గురించి గట్టిగా చెప్పాలనిపిస్తుంది. "సూపర్ బ్రో" చదివాక గేమ్ చేసినవాళ్ల చేతిలో ఏమీ ఉండదు. ఇక రెండో రకం "కంట్రోల్స్ చెత్త", దాంట్లోనూ ఏమీ లేదు, పైగా మనసు కష్టపెట్టుకుంటారు. నా గేమ్ ఒకదాని కింద వచ్చిన కామెంట్ ఇది, నేను దీన్ని నోట్సులో రాసి పెట్టుకున్నాను:

"రెండో లెవెల్‌లో ఎర్ర తలుపు దగ్గర నాలుగుసార్లు చనిపోయాను. అది తలుపని తెలియలేదు, గోడ అనుకున్నాను. తాళంచెవి తీసుకున్నప్పుడు వచ్చే శబ్దం మాత్రం చాలా బాగుంది, దానికోసమే ఇంకోసారి ఆడాను. అక్కడితో ఆపేశాను."

ఎక్కడ, ఎన్నిసార్లు, ఏమనుకున్నారు, ఏది నచ్చింది, ఎక్కడ ఆపేశారు, అన్నీ ఉన్నాయి. తీర్పు ఒక్కటీ లేదు. బాగుంది, బాలేదు అని పంచాయితీ చేయక్కర్లేదు, ఆడుతున్నప్పుడు మీకు ఏం జరిగిందో వరసగా రాస్తే చాలు. అర్థం కానిది, విసుగొచ్చింది, నవ్వొచ్చింది, ఏది ఏ క్షణంలో జరిగిందో రాయండి. నచ్చినదాన్ని కూడా అంతే వివరంగా రాయండి, లేకపోతే తర్వాతి వెర్షన్‌లో అదే తీసేస్తారు.

అపోహ: మంచి ఫీడ్‌బ్యాక్ అంటే పరిష్కారం చెప్పడం.

ఒక గేమ్‌కి ముగ్గురు వరసగా "క్యారెక్టర్ స్లోగా ఉంది, స్పీడ్ పెంచు" అని రాశారు. పెంచాను. దూకినప్పుడల్లా గోతుల్లో పడటం మొదలైంది, గేమ్ ఇంకా పాడైంది. వాళ్లు ఆడుతుండగా చూస్తే విషయం వేరు: చనిపోయిన ప్రతిసారీ లెవెల్ మొదటికి వెళ్లి, ఏమీ లేని దారిలో పన్నెండు సెకన్లు నడవాల్సి వస్తోంది. పాత స్పీడే పెట్టి, గొయ్యి పక్కనే చెక్‌పాయింట్ (చనిపోతే మళ్లీ మొదలయ్యే చోటు) పెట్టాను. స్లో అన్నమాట మళ్లీ ఎవరూ అనలేదు. ఆ ముగ్గురికీ విసుగు రావడం నిజం, వాళ్లు చెప్పిన మందు మాత్రం పనిచేయలేదు. కాబట్టి రాసేటప్పుడు విసుగొచ్చిన చోటు ముందు రాయండి, సలహా ఉంటే చివర్లో ఒక లైను. చదివేటప్పుడు కూడా "మల్టీప్లేయర్ పెట్టు" అని ఎవరైనా రాస్తే కొట్టిపారేయకండి, ఒంటరిగా ఆడుతుంటే వాళ్లకి ఏం లోటు అనిపించిందో అడగండి.

అపోహ: ఆడేవాళ్లకి అర్థం కాకపోతే పక్కనుండి చెప్పాలి.

మా పిన్ని కొడుకు నా గేమ్ ఆడుతుంటే వెనక నిలబడి "అక్కడ స్పేస్ నొక్కరా" అన్నాను. నొక్కాడు, దాటాడు, బాగుందన్నయ్యా అన్నాడు. చెప్పకపోయి ఉంటే వాడు స్పేస్ ఎప్పటికి నొక్కేవాడో నాకు ఇంక తెలియదు. వాడికి తెలియనట్టు నటించడం రాదు కదా, ఆ గేమ్‌ని మొదటిసారి చూసే మనిషిగా వాడు ఒక్కసారే దొరుకుతాడు. అందుకే ఇప్పుడు నోరు మూసుకుని కూర్చుంటాను, చేతిలో పెన్ను పెట్టుకుంటాను. చాలా కష్టం, నిజంగా. మన పిల్లని వేదిక మీదకి పంపి కింద కూర్చున్నట్టు ఉంటుంది. అయినా మాట్లాడకండి. మీరు ఇచ్ పేజీలో ఆడే ప్రతి మనిషి పక్కనా కూర్చోలేరు.

గేమ్ ఎంత కష్టమో కూడా ఇలా చూస్తేనే తెలుస్తుంది. మీ గేమ్‌లో ఒక గొయ్యిని మీరు రెండు రోజుల్లో మూడొందల సార్లు దూకి ఉంటారు, అందుకే మీకు సులువు. మీకు మరీ సులువుగా, సిగ్గేసేంత సులువుగా అనిపించిన లెవెల్‌ని మొదటిదిగా పెట్టండి.

అపోహ: అందరి కీబోర్డూ మనలాంటిదే.

చాలా గేమ్‌లలో కదలడానికి డబ్ల్యూ, ఏ, ఎస్, డీ కీలు వాడతాం, ఫ్రెంచి కీబోర్డుల మీద డబ్ల్యూ, ఏ అక్షరాలు మన చోట ఉండవు. బాణం కీలు కూడా పనిచేసేలా చూడండి. రెండు లైన్ల కోడ్.

అపోహ: గేమ్‌లో తెలుగు పెడితే అక్షరాలు విరిగిపోతాయి, ఇంగ్లీషే దిక్కు.

మొన్నటిదాకా నిజమే. గోడాట్ అనే గేమ్ తయారీ సాఫ్ట్‌వేర్ 3వ వెర్షన్‌లో ఒత్తులు విడిపోయి పక్కన కూర్చునేవి, నేను టైటిల్‌ని బొమ్మగా చేసి పెట్టుకునేవాణ్ణి. 2023 మార్చిలో వచ్చిన గోడాట్ 4తో ఇది మారింది, తెలుగు ఉన్న ఫాంట్ ఒకటి జతచేస్తే "స్త్రీ" అని రాసినా సరిగ్గా వస్తుంది. యూనిటీ అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌లో అక్షరాలు చూపించే టెక్స్ట్‌మెష్ ప్రోతో మాత్రం ఇబ్బంది ఉంది, జామ్ మధ్యలో దాని జోలికి వెళ్లకండి. రేటింగ్ ఇచ్చేవాళ్లు ఎక్కువమంది బయటి దేశాలవాళ్లు కాబట్టి సూచనలు బాణం గుర్తులతో, బొమ్మలతో చెప్పండి, కథ, పేర్లు తెలుగులో హాయిగా పెట్టుకోండి.

అపోహ: కామెంట్‌కి జవాబంటే వివరణ ఇచ్చుకోవడం.

"టైమ్ లేక అలా వదిలేశాను" అని అందరూ రాస్తారు, టైమ్ లేదని అందరికీ తెలుసు. ఎర్ర తలుపు కామెంట్‌కి నేను కూడా మొదట అదే టైప్ చేశాను, తర్వాత చెరిపేసి "గోడ అని ఎందుకు అనిపించింది?" అని అడిగాను. చుట్టూ ఇటుకలు కూడా అదే ఎరుపు అన్నాడు. మిగతా కామెంట్లు మళ్లీ చదివితే 19లో 11 ఆ తలుపు గురించే, ఒక్కొక్కరు ఒక్కో మాటలో. రేటింగ్ నడుస్తున్నప్పుడు ఆ జామ్‌లో ఆట ఆపేసే బగ్‌లు తప్ప ఇంకేం మార్చకూడదు కాబట్టి ఆగాను. అది ముగిశాక తలుపుకి పసుపు రంగు వేసి, పైన చిన్న దీపం పెట్టి, కొత్త వెర్షన్ వేరుగా పెట్టాను. అతను మళ్లీ వచ్చి ఆడాడు. ఈసారి తలుపు దాటి మూడో లెవెల్‌లో ఆగాడు, అక్కడేం జరిగిందో ఆరు లైన్లు రాశాడు.