27 టన్నుల ఇనుమున్న చెలకలో పల్లి ఎందుకు పాలిపోయింది?

నిరుడు యాసంగిలో వరంగల్ అవతల మా బాపు వేసిన పల్లి చేను నెల తిరక్కుండానే పాలిపోయింది. లేత ఆకుల్లో ఈనెలు ఒక్కటే ఆకుపచ్చగా మిగిలి, మధ్యంతా పసుపు. చూసినవాళ్లంతా ఇనుము లోపమన్నారు. బాపు నమ్మలేదు. "ఎర్రగున్న చెలకల ఇనుము లేకపోవుడేందిరా?" అన్నాడు. చెలకకు ఆ ఎరుపు వచ్చేదే ఇనుముతో. ఆయన అడిగిందాంట్లో తప్పేం లేదు.

లెక్క చూడండి. ఎకరంలో పై 15 సెంటీమీటర్ల మట్టి సుమారు 9 లక్షల కిలోలు తూగుతుంది. అందులో ఇనుము మూడు శాతమే అనుకున్నా 27 టన్నులు. మేం కొట్టిన మందేమో లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఐరన్ సల్ఫేట్), గ్రాము నిమ్మ ఉప్పు. ఎకరానికి 200 లీటర్లకు కిలో అన్నభేది పట్టింది, దాంట్లో అసలు ఇనుము 200 గ్రాములు. వారం తేడాతో రెండుసార్లు కొడితే చేను తేరుకుంది. మా బోరు నీళ్లలో కార్బొనేట్లు ఎక్కువ. ఏళ్ల తరబడి అవే పారి మట్టి క్షారమైంది, ఇనుము తుప్పులా బిగుసుకుపోయింది. నేలలో ఉన్నది వేరు, వేరుకు అందేది వేరు.

ఉన్న ఇనుమును అందే రూపంలోకి తేవడం ఉత్తర తెలంగాణకు కొత్త విద్య కాదు. నిజామాబాద్ వైపు కోనసముద్రంలో మూసల్లో ఉక్కు చేసేవాళ్లు. 1820ల మొదట్లో భూగర్భ పరిశీలకుడు హెన్రీ వాయిసీ ఆ పని చూసి రాశాడు. పర్షియా వర్తకులు అక్కడిదాకా వచ్చి కొనుక్కుపోయేవాళ్లు. నిర్మల్, జగిత్యాల వైపు చాలా ఊళ్ల పొలిమేరల్లో చిట్టెం (ఇనుము తీశాక మిగిలిన మడ్డి) గుట్టలు ఇప్పటికీ కనిపిస్తాయి. బొగ్గు మంటలో కమ్మరి చేసింది ఆ తుప్పులోంచి ఆక్సిజన్‌ను విడగొట్టడం. పల్లి వేరూ మంట లేకుండా దాదాపు అలాంటి పనే చేస్తుంది. ఆమ్లం ఊరించి, ఇనుముకు ఎలక్ట్రాన్ ఇచ్చి కరిగే రూపంలోకి తెస్తుంది. మా చెలకలో ఆ ఆమ్లాన్ని కార్బొనేట్లు మింగేశాయి.

నేలలో ఉన్నదానికీ వేరుకు అందేదానికీ ఉన్న ఈ తేడాను శాస్త్రం పట్టించుకున్నది లోపాల వైపు నుంచి. 1966లో పంత్‌నగర్‌లో వై.ఎల్. నెనె వరిలో ఖైరా తెగులుకు కారణం జింకు లోపమని తేల్చారు. మరుసటి ఏడే సూక్ష్మపోషకాల మీద దేశవ్యాప్త పరిశోధన పథకం మొదలైంది. 1978లో అమెరికాలో లిండ్సే, నార్వెల్ అనే మట్టి శాస్త్రవేత్తలు డీటీపీఏ (లోహాలను పట్టి లాగే రసాయనం) పరీక్షను ప్రచురించారు. పది గ్రాముల మట్టిలో 20 మిల్లీలీటర్ల ద్రావణం పోసి, రెండు గంటలు కుదిపి, వడగట్టి, దిగిన లోహాన్ని కొలవడం. మట్టిని పూర్తిగా కరిగించరు, వేరు లాగగలిగినంతే లాగి చూస్తారు. జింకు కిలో మట్టికి 0.6 మిల్లీగ్రాముల లోపుంటే లోపం అని మన దగ్గర చెప్పేది ఈ పరీక్ష అంకెను బట్టే. 2015లో వచ్చిన సాయిల్ హెల్త్ కార్డులో ఇనుము, జింకు, రాగి, మాంగనీస్ గళ్లు ఈ పద్ధతివే.

విషం లెక్క ఇంకో దారిలో నడిచింది. జపాన్‌లో జింజూ నది నీళ్లు పారిన వరి పొలాల్లోని కాడ్మియం అనే విష లోహంతో ఎముకలు విరిగే ఇతాయ్-ఇతాయ్ జబ్బు వచ్చింది. అది కాలుష్యపు జబ్బేనని 1968లో అక్కడి ప్రభుత్వం ఒప్పుకుంది. 1979లో ఇంగ్లండ్‌లోని షిప్‌హామ్ అనే ఊరి మట్టిలో, పాత జింకు గనుల దగ్గర, కాడ్మియం భయపెట్టే మోతాదులో బయటపడింది. అయినా ఊరి జనంలో అలాంటి జబ్బు కనబడలేదు. అది సున్నపు నేల, కాడ్మియంను వేరుకు సులువుగా వదలదు, పైగా వాళ్ల తిండి వరి కాదు. మట్టిలోని మొత్తం అంకె ఒక్కటే చూసుంటే ఊరు ఖాళీ చేయించేవాళ్లేమో.

1986లో యూరప్, మురుగు బురద చల్లే పొలాలకు హద్దులు పెట్టింది. నికెల్ కిలోకు 30 నుంచి 75 మిల్లీగ్రాములు, రాగి 50 నుంచి 140. అవి మొత్తం లోహానికి పెట్టిన హద్దులు, పీహెచ్ (పులుపు, క్షారం కొలత; 7 కన్నా తగ్గితే పులుపు, పెరిగితే క్షారం) 6-7 ఉన్న నేలలకు అని పక్కనే రాసి ఉంది. మన దగ్గర ఆ పట్టికను ఎత్తిరాసేవాళ్లు సరిగ్గా ఆ ముక్కే వదిలేస్తారు! ఆదిలాబాద్ రేగడి లావా రాయి చివికి అయింది. నికెల్, క్రోమియం, రాగి దానికి పుట్టుకతో వచ్చినవి. చుట్టుపక్కల ఒక్క ఫ్యాక్టరీ లేకున్నా ఆ హద్దు దాటొచ్చు. అవి చాలావరకు ఖనిజంలోనే బందీగా ఉంటాయి, నేల పీహెచ్ ఎనిమిది దగ్గర.

అట్లాగని పుట్టుకతో వచ్చింది కదా అని వదిలేయలేం. ఏళ్ల తరబడి నత్రజని ఎరువు వేస్తే నేల మెల్లగా పులుస్తుంది, పులిసిన నేలలో బందీగా ఉన్న లోహం కదులుతుంది. రేగడి దాన్ని చాలాకాలం తట్టుకుంటుంది, చెలక, దుబ్బ నేలలు అంత తట్టుకోవు. ఫాస్ఫేట్ ఎరువు తనతో కాస్త కాడ్మియం తెస్తుంది. వరి మడిలో నీళ్లు నిలిచినన్నాళ్లు ఆ కాడ్మియం గంధకంతో కలిసి కదలదు, కోతకు ముందు మడి ఆరబెడితే విడుదలవుతుంది. ఆర్సెనిక్‌ది దీనికి పూర్తిగా ఉల్టా, నీళ్లు నిలిస్తేనే కదులుతుంది.

సాయిల్ హెల్త్ కార్డులో ఉన్న 12 గళ్లలో నికెల్, క్రోమియం, కాడ్మియం, సీసం లేవు. మా మట్టి పరీక్షకు ఇచ్చినచోట కుదుపుతున్న సీసాలను చూసి, ఇదే నీళ్లలో నికెల్ కూడా చూడొచ్చు కదా అని అడిగాను. "చూడొచ్చు సార్. కాకపోతే లోహం కొలిచే మిషన్‌లో ఒక్కో లోహానికి ఒక్కో దీపం పెట్టాలె. నికెల్ దీపం మా దగ్గర లేదు" అన్నాడు అక్కడి కుర్రాడు, ఇనుము దీపం బిగిస్తూ.