ఆఫీసుకు రమ్మంటే అలక ఎందుకు?

వారానికి ఐదు రోజులూ ఆఫీసుకు రావాలని మెయిల్ వస్తే చాలు, ఐటీ వాళ్లకు ముఖాలు మాడిపోతాయి. ఇంటి సుఖం మరిగారని పెద్దలు విసుక్కుంటారు. కానీ ఈ సుఖాన్ని వాళ్లేమీ కోరి తెచ్చుకోలేదు.

2020కి ముందు ఇంటి నుంచి పని అంటే మేనేజర్ దయ. పిల్లాడికి జ్వరమనో, ఇంటికి ప్లంబర్ వస్తున్నాడనో చెప్పి ఒక రోజు అడిగి తీసుకునేవారు. కాల్ సెంటర్లు, బీపీఓల్లో ఆ దయకు కూడా టెలికాం శాఖ ఓఎస్‌పీ నిబంధనలు (టెలికాం లైన్ల మీద సేవలందించే ఇలాంటి కంపెనీలకు పెట్టిన రూల్స్) అడ్డం. ఇంటి దగ్గర పని చేయించాలంటే కంపెనీ సెక్యూరిటీ డిపాజిట్ కట్టాలి. కరోనా రావడంతో 2020 మార్చిలో ఆ షరతులను తాత్కాలికంగా సడలించారు. నవంబర్‌లో రిజిస్ట్రేషన్, డిపాజిట్ రెండూ ఎత్తేశారు.

మార్చి 25న లాక్‌డౌన్ మొదలయ్యే నాటికి ల్యాప్‌టాప్ లేనివాళ్లు సీపీయూ, మానిటర్ మోసుకుని ఇల్లు చేరారు. డైనింగ్ టేబులే డెస్క్. క్లయింట్ కాల్ మధ్యలో కుక్కర్ విజిల్, కరెంటు పోతే టెన్షన్. ఆ మొదటి నెలల్లో ఆఫీసు ఎప్పుడు తెరుస్తారా అని ఎదురుచూసినవాళ్లే ఎక్కువ!

మనసులు మారింది తర్వాత. 2025 నాటికి ఏ సమయంలోనైనా పాతిక శాతం మంది ఆఫీసులో ఉంటే చాలని టీసీఎస్ 2020లోనే ప్రకటించింది. దేశంలోనే పెద్ద ఐటీ కంపెనీ చెప్పిన మాట కదా, జనం నమ్మారు. కూకట్‌పల్లి, మియాపూర్‌లలో ఫ్లాట్లు ఖాళీ చేసి భీమవరమో కరీంనగరో వెళ్లిపోయారు. ఇన్వర్టర్ కొన్నారు, ఫైబర్ కనెక్షన్ పెట్టించారు, పిల్లల్ని అక్కడి బడిలో చేర్చారు. నా లెక్కలో అసలు పేచీ ఇక్కడే ఉంది: మిగిలిన అద్దె అప్పటికే ఈఎంఐ అయిపోయింది.

గాలి తిరిగింది 2022లో. సెజ్ (ప్రత్యేక ఆర్థిక మండలి) కంపెనీల్లో సగం మందికి, అదీ ఏడాదికి మించకుండా ఇంటి పనికి వీలిస్తూ జులైలో కేంద్రం 43ఏ నిబంధన తెచ్చింది. డిసెంబర్‌లో దాన్ని సడలించి అందరికీ వీలిచ్చినా, గాలి మాత్రం ఆగలేదు. మూన్‌లైటింగ్ (ఉద్యోగంలో ఉంటూనే చాటుగా మరోచోట పని) చేస్తున్నారంటూ విప్రో 300 మందిని తీసేసింది కూడా ఆ ఏడాదే. ఇక మేనేజర్లకు అనుమానం పట్టుకుంది. 2023 అక్టోబర్ నుంచి టీసీఎస్ ఐదు రోజులూ రమ్మంది. 2024లో వేరియబుల్ పేను (జీతంలో మారుతూ ఉండే భాగాన్ని) హాజరుతో ముడిపెట్టింది.

అందరూ ఇల్లే కావాలంటున్నారా అంటే, లేదు. హాస్టల్ గదిలో నలుగురితో ఉండే ఫ్రెషర్‌కు ఆఫీసే నయం, పక్కన కూర్చుని పని చెప్పే సీనియర్ ఉంటాడు. చంటిబిడ్డ తల్లికి ఇల్లు వెసులుబాటే గాని, వంటపని కూడా ఆమె నెత్తినే పడింది.

చాలామందికి ఆఫీసు మీద కోపమేం లేదు. ట్రాఫిక్‌లో నలిగి గచ్చిబౌలి చేరి, బ్యాడ్జ్ స్వైప్ చేసి, హెడ్‌సెట్ తగిలించుకుని పుణెలో ఉన్న టీమ్‌తో వీడియో కాల్‌లో మాట్లాడి రావడమే వాళ్లకు మింగుడుపడటం లేదు.