హిందీ థ్రిల్లర్లలో డ్రగ్స్ కేసులు: అపోహలు - వాస్తవాలు

పోలీసులు, డ్రగ్స్ ముఠాల కథతో హిందీలో కొత్త థ్రిల్లర్ వచ్చిన ప్రతిసారీ నా ముందుకు అవే ప్రశ్నలు వస్తాయి. ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల నియంత్రణ) చట్టం కేసుల్లో ముద్దాయిల తరఫున వాదించడం నా వృత్తి. ఆ సినిమాలు నేనూ ఇష్టంగానే చూస్తాను. అయితే హీరో ఇన్‌స్పెక్టర్ ఏ పని చేస్తే హాల్లో ఈలలు పడతాయో, చాలాసార్లు ఆ పనే కోర్టులో కేసును చంపేస్తుంది.

అపోహ: పొడిని వేలికి అద్ది నాలుక మీద పెట్టుకుంటే సరుకేదో తెలిసిపోతుంది.

వాస్తవం: అది ప్రాణం మీదకు తెచ్చుకునే పని. పరీక్షకు కిట్ ఉంటుంది. చిటికెడు పొడి మీద మార్క్విస్ రసాయనం చుక్క వేస్తే, హెరాయిన్ అయితే ఊదా రంగుకు తిరుగుతుంది. అది కూడా ప్రాథమిక సూచనే. నిరూపణకు ఫోరెన్సిక్ ల్యాబ్ నివేదిక రావాలి.

అపోహ: అర్ధరాత్రి తలుపు బద్దలుకొట్టి, కాలర్ పట్టుకుని జేబులు తడిమితే కేసు అయిపోయినట్టే.

వాస్తవం: కేసు అక్కడే మొదలవుతుంది, చాలాసార్లు అక్కడే చచ్చిపోతుంది కూడా. 42వ సెక్షన్ ప్రకారం అందిన సమాచారాన్ని ముందు కాగితం మీద పెట్టాలి, 72 గంటల్లో పై అధికారికి పంపాలి. సూర్యాస్తమయం తర్వాత వారెంటు లేకుండా ఇంట్లోకి వెళ్తే, ఎందుకు ఆగలేకపోయారో రాసి పెట్టాలి.

ఒంటి మీద సోదాకు 50వ సెక్షన్ ఉంది. గెజిటెడ్ అధికారి ముందో, మేజిస్ట్రేట్ ముందో సోదా చేయించుకునే హక్కు నీకుందని ఆ మనిషికి చెప్పి తీరాలి. రాజస్థాన్ నల్లమందు కేసు ఒకటి 2014లో సుప్రీంకోర్టుకు వెళ్లింది. దొరికినవాళ్లు ఇద్దరు. ఇద్దరికీ కలిపి ఒకటే నోటీసు, ఇద్దరి తరఫునా ఒక్కడి సంతకం. పైగా 'మా ముందైనా సోదా చేయించుకోవచ్చు' అని చట్టంలో లేని మూడో దారి చూపించారు. వాళ్ల విడుదలను సుప్రీంకోర్టు సమర్థించింది. బ్యాగుకు, బండికి ఈ సెక్షన్ వర్తించదు. అందుకే సరుకు జేబులో దొరికిందా, పక్కనున్న సంచిలోనా అన్నదాని మీదే రోజుల తరబడి వాదనలు నడుస్తాయి.

ఆ తర్వాత సీలు సంగతి. క్రాస్ ఎగ్జామినేషన్‌లో నేను ముందుగా అడిగేవి ఇవే: లక్క మీద ఎవరి ముద్ర ఉంది? దాడి అయ్యాక ఆ ముద్ర ఎవరి దగ్గర పెట్టారు? మాల్ఖానా (పట్టుబడ్డ సరుకు భద్రపరిచే గది) రిజిస్టర్‌లో సరుకు ఎప్పుడు ఎక్కింది? శాంపిల్‌ను ల్యాబ్‌కు ఎవరు మోసుకెళ్లారు? మేజిస్ట్రేట్ సమక్షంలో శాంపిల్ తీయాలని 52ఏ సెక్షన్‌ను వివరిస్తూ 2016లో సుప్రీంకోర్టు చెప్పింది. ఒక్క లోపంతోనే కేసు కొట్టేయరు గానీ, అనుమానాలు ఒకదాని మీద ఒకటి పేరుకుంటే అసలు నేరస్థుడు కూడా దర్జాగా నడుచుకుంటూ బయటికి పోతాడు. అది చూసి ఆనందించే లాయర్ని కాను నేను. చట్టప్రకారం చేసిన దాడి అటు ముద్దాయికీ, ఇటు సమాజానికీ అవసరమే.

అపోహ: నాలుగు తగిలిస్తే నిజం కక్కుతాడు, శిక్ష పడుతుంది.

వాస్తవం: పోలీసుల ముందు చేసిన ఒప్పుకోలు సాక్ష్యంగా చెల్లదన్నది పాత సూత్రమే. 67వ సెక్షన్ కింద ఎన్‌సీబీ (కేంద్ర మాదకద్రవ్యాల నియంత్రణ సంస్థ) లాంటి సంస్థల అధికారులు తీసుకునే వాంగ్మూలాలకూ అదే వర్తిస్తుందని 2020 అక్టోబరులో తోఫాన్ సింగ్ తీర్పు తేల్చింది.

అపోహ: సరుకులో కల్తీ ఎక్కువుంటే శిక్ష తగ్గుతుంది.

వాస్తవం: 300 గ్రాముల పొడిలో అసలు హెరాయిన్ 15 గ్రాములే ఉందనుకుందాం. లెక్కలోకి వచ్చేది 300 గ్రాములే. మొత్తం మిశ్రమం బరువే చూడాలని 2020లో హీరా సింగ్ తీర్పు చెప్పింది. హెరాయిన్‌కు వాణిజ్య పరిమాణం, అంటే కఠిన శిక్షలు మొదలయ్యే గీత, 250 గ్రాములు. నేరం రుజువైతే కనీసం పదేళ్లు. గంజాయికి ఆ గీత 20 కిలోలు. గీత దాటితే 37వ సెక్షన్ వల్ల బెయిలు కూడా గగనమే. సినిమాలో లాగా సాయంత్రానికి లాయరొచ్చి విడిపించుకుపోవడం ఇక్కడ కుదరదు. ఛార్జిషీటు వేయడానికే 180 రోజుల గడువుంది.

అపోహ: సరుకంతా తుపాకుల కాపలాలో, చీకట్లో పడవల మీదే వస్తుంది.

వాస్తవం: అలా వచ్చేదీ ఉంది. కానీ 2021 సెప్టెంబరులో గుజరాత్‌లోని ముంద్రా పోర్టులో డీఆర్ఐ (స్మగ్లింగ్ మీద కన్నేసే కేంద్ర రెవెన్యూ నిఘా సంస్థ) పట్టుకున్న దాదాపు 3,000 కిలోల హెరాయిన్ టాల్క్ రాళ్ల పేరుతో రెండు కంటైనర్లలో, పద్ధతిగా దిగుమతి కాగితాలతోనే వచ్చింది. దిగుమతిదారు చిరునామా మన విజయవాడది. ఇలాంటి కేసులు బిల్లులూ బ్యాంకు ఖాతాలూ తిరగేస్తేనే తేలతాయి. నా దగ్గరికొచ్చే కక్షిదారుల్లో ఎక్కువమంది డ్రైవర్లు, కూలికి సంచి మోసినవాళ్లు. ఆ సంచి ఎవరిదో వాళ్లలో చాలామందికి తెలియదు.

అపోహ: అలవాటు పడ్డ పిల్లాణ్ని ఆసుపత్రికి తీసుకెళ్తే కేసు పెడతారు.

వాస్తవం: నన్ను అన్నిటికంటే బాధపెట్టే అపోహ ఇదే. ఈ భయంతో తల్లిదండ్రులు విషయం దాచిపెడతారు. వాడకం నేరమే, 27వ సెక్షన్ ఉంది. కానీ వ్యసనపరుడు తనంతట తానుగా ప్రభుత్వ ఆసుపత్రిలోనో, గుర్తింపు ఉన్న కేంద్రంలోనో చికిత్సకు ముందుకొచ్చి దాన్ని పూర్తిచేస్తే, వాడకానికీ, చిన్న పరిమాణం కేసుకూ ప్రాసిక్యూషన్ నుంచి 64ఏ సెక్షన్ రక్షణ ఇస్తుంది. చికిత్స మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే 14446కు ఫోన్ చేయండి. డ్రగ్స్ మాన్పించడానికి ఉన్న జాతీయ హెల్ప్‌లైన్ అది, డబ్బులు పడవు.