మొదటి పాటే చివరి పాట: ఎరేజర్ తొలి సింగిల్ వెనక కథ

1992 చివర్లో ఎరేజర్ అనే బ్రిటిష్ జోడీ ఒక హిట్ పాటల సీడీ తెచ్చింది. పేరు 'పాప్! ది ఫస్ట్ 20 హిట్స్'. పాటల్ని విడుదలైన వరసలోనే పేర్చారు. పేరులో ఇరవై అని ఉన్నా లోపల ట్రాకులు ఇరవై ఒకటి. ఆ చివరిది కొత్త పాట కాదు, మొదటి ట్రాకే మళ్లీ వచ్చింది. 'హూ నీడ్స్ లవ్ లైక్ దట్', అంటే అలాంటి ప్రేమ ఎవరిక్కావాలి అని. 1985లో వాళ్ల తొలి సింగిల్, అంటే ఒక పాట కోసం విడిగా వేసే రికార్డు, అదే. సీడీ దానితో మొదలై, 'హాంబర్గ్ మిక్స్' అనే దాని రీమిక్స్‌తో ముగుస్తుంది.

1985లో ఆ పాట బ్రిటన్ చార్టులో, అంటే వారంవారం అమ్మకాల పట్టికలో, 55 దగ్గర ఆగిపోయింది. 1992లో రీమిక్స్ 10వ స్థానానికి చేరింది. రీమిక్స్ చేసినవాళ్లు మంత్రం వేశారని అనుకోవడం తేలిక. నాకైతే అలా అనిపించదు. అసలు కథ ఆ పాట కంటే నాలుగేళ్ల ముందు మొదలవుతుంది.

లండన్‌కి తూర్పున, ఎసెక్స్‌లో బాజిల్డన్ అనే ఊరుంది. రెండో ప్రపంచయుద్ధం తర్వాత ప్రభుత్వం ప్లాను గీసి కట్టించిన టౌన్లలో ఒకటి. డెపేష్ మోడ్ బ్యాండు అక్కడి కుర్రాళ్లదే. తొలిరోజుల్లో వాళ్ల పాటలు ఎక్కువగా రాసింది విన్స్ క్లార్క్. 1981లో వాళ్ల 'జస్ట్ కాంట్ గెట్ ఎనఫ్' టాప్ టెన్‌లోకి వెళ్లింది, తొలి ఆల్బమ్ వచ్చింది, దారి పడిందని అందరూ అనుకుంటున్న టైములో క్లార్క్ బయటికి వచ్చేశాడు. టూర్లు, ఇంటర్వ్యూలు, ఫొటోల హడావుడి అతనికి పడలేదు. చేతిలో ఒక పాట మాత్రం ఉంది: 'ఓన్లీ యూ'. అతనికి పాడటం రాదు. ఎవరిదైనా గొంతు కావాలి.

అదే ఊళ్లో ఆలిసన్ మోయే అనే అమ్మాయి పంక్, బ్లూస్ బ్యాండ్లలో పాడుతూ తిరిగేది. బ్లూస్ బ్యాండు కావాలని 'మెలొడీ మేకర్' అనే సంగీత పత్రికలో ప్రకటన ఇచ్చింది. దానికి స్పందించింది క్లార్క్. ఆమె కోరుకున్నది గిటార్లు, అతని దగ్గరున్నవి సంగీతం వాయించే ఎలక్ట్రానిక్ మెషీన్లు. అలా పుట్టిన జోడీ యాజూ. 1982 వసంతంలో మ్యూట్ రికార్డ్స్ అనే కంపెనీ 'ఓన్లీ యూ' విడుదల చేస్తే అది బ్రిటన్‌లో 2వ స్థానానికి వెళ్లింది. అమెరికాలో అదే పేరుతో పాత బ్లూస్ రికార్డులు వేసే కంపెనీ ఒకటి ఉండటంతో అక్కడ పేరు 'యాజ్' అని కుదించుకోవాల్సి వచ్చింది.

క్లార్క్ పనిచేసే పద్ధతి గురించి కాస్త చెప్పాలి. అతను ఎక్కువగా వాడిన సీక్వెన్సర్, అంటే ముందే నేర్పిన స్వరాల్ని వరసగా వాయించే మెషీన్, రోలాండ్ ఎంసీ-4. చూస్తే పాతకాలం క్యాష్ మెషీన్‌లా ఉంటుంది. దానికి నేర్పడమంటే అంకెలు నొక్కడమే. స్వరానికి ఒక అంకె, అది ఎంతసేపటికి వచ్చిపోవాలో ఇంకో అంకె, అందులో ఎంతసేపు మోగాలో మరో అంకె. మూడు నిమిషాల పాటకి వందల అంకెలు. వేళ్లతో వాయించే మనిషికి ఇది చిత్రగుప్తుడి చిట్టా రాసినట్టుంటుంది. అన్నీ కొట్టేశాక మెషీన్ ఒక్క తప్పు కూడా చేయకుండా వాయిస్తుంది, అంతే చల్లగా. ఆ చల్లదనం మీద మోయే గొంతు బొగ్గుల కుంపటిలా ఉంటుంది. యాజూ పాటల రహస్యం ఇదే. ఈ సంగతి గుర్తుంచుకోండి, ఎరేజర్‌కి మొదట్లో తగిలిన దెబ్బ కూడా ఇక్కడి నుంచే వచ్చింది.

'ఓన్లీ యూ' రికార్డు వెనక వైపున 'సిచువేషన్' అనే పాట ఉండేది. బీ-సైడ్ పాటల్ని ఎవరు పట్టించుకుంటారు? న్యూయార్క్ క్లబ్బులు పట్టించుకున్నాయి. ఫ్రాన్స్వా కెవోర్కియన్ అనే డీజే దాన్ని రీమిక్స్ చేస్తే, 1982లో అమెరికా పత్రిక బిల్‌బోర్డ్ డ్యాన్స్ చార్టులో మొదటి స్థానానికి వెళ్లింది.

రీమిక్స్ అనగానే మనకు గుర్తొచ్చేది వేరు. తండ్రి పాటకో మేనమామ పాటకో కొత్త గొంతు, కొత్త డ్రమ్స్ తగిలించి ఈ తరం హీరోతో స్టెప్పులేయించడం. అది నిజానికి మళ్లీ పాడించడం. రికార్డింగ్ వాళ్ల లెక్కలో రీమిక్స్ అంటే అసలు టేపు దగ్గరికే వెళ్లడం. గొంతు ఒక ట్రాకులో, బేస్ ఒక దాంట్లో, డ్రమ్స్ ఒక దాంట్లో విడివిడిగా ఉంటాయి. వాటిని విప్పి, కొన్ని తీసేసి, కొన్ని సాగదీసి, కొన్ని కొత్తవి కలిపి మళ్లీ పేర్చడం. 1970ల న్యూయార్క్ డిస్కోల్లో ఇది పుట్టింది. టామ్ మౌల్టన్ అనే అతను డ్యాన్సర్లు మధ్యలో ఆగిపోకుండా పాటల్ని పొడుగు చేస్తుండేవాడు. ఒకసారి ఏడంగుళాల ఖాళీ డిస్కులు లేకపోవడంతో ఒక పాటను పెద్ద డిస్కు మీద చెక్కించాడు. డిస్కు మీది గాడుల మధ్య చోటు పెరిగింది, శబ్దం బలంగా వచ్చింది, బేస్ గుండెకి తగిలింది. పన్నెండంగుళాల సింగిల్ అలా వచ్చింది. అంటే రీమిక్స్ పుట్టింది ఆడేవాళ్ల కాళ్ల కోసం. 'సిచువేషన్' ఆ జాతికి చెందిందే.

ఆ పాటలో మోయే నవ్వు ఒకటి ఉంది. మీరు కచ్చితంగా విన్నారు. 1996లో అమెరికాలో 14 వారాలు నంబర్ వన్‌గా ఉన్న 'మకరేనా' రీమిక్స్‌లో వినపడే ఆ ఆడపిల్ల నవ్వు ఇదే. చేతులు ముందుకు చాచి, తల మీద పెట్టుకుని, నడుం తిప్పిన మనవాళ్లలో ఎంతమందికి అది బాజిల్డన్ నవ్వని తెలుసు?

యాజూ 1983లోనే విడిపోయింది. రెండో ఆల్బమ్ నంబర్ వన్ అయ్యేసరికి ఇద్దరూ విడిగా ఉన్నారు. క్లార్క్ తర్వాత ఒకరిద్దరు గాయకులతో విడి సింగిల్స్ చేశాడు. 1985లో మళ్లీ అదే 'మెలొడీ మేకర్'లో ప్రకటన, ఈసారి ఇచ్చింది అతనే. గొంతు పరీక్షకి నలభై మందికి పైగా వచ్చారు. చివర్లో వచ్చినవాళ్లలో పీటర్‌బరో కుర్రాడు ఆండీ బెల్ ఒకడు. యాజూ అంటే ప్రాణం. మోయే పాటలు పాడి పాడి గొంతు అటే తిరిగింది. తన దేవుడి ముందు నిలబడి పాడాడు, ఎంపికయ్యాడు. ఆ ఇద్దరే ఎరేజర్.

ఆ ఏడాదే 'హూ నీడ్స్ లవ్ లైక్ దట్' వచ్చింది. నిర్మాత ఫ్లడ్, తర్వాత డెపేష్ మోడ్, యూ2 లాంటి వాళ్లతో పనిచేసి పెద్ద పేరు తెచ్చుకున్న మనిషి. పాట చురుగ్గా, గెంతుతూ ఉంటుంది. విన్నవాళ్లకి మాత్రం అందులో క్లార్క్ కనిపించాడు, మోయే కనిపించింది, బెల్ కనపడలేదు. యాజూకి నకలు అన్న మాట పడింది. అన్యాయమని అనలేం, ఇవాళ విన్నా ఆ పోలిక తెలుస్తుంది. 55వ స్థానం. రెండో సింగిల్ 'హెవెన్లీ యాక్షన్' సరిగ్గా 100. మూడోది 'ఓ లామూర్' 85. తొలి ఆల్బమ్ 'వండర్‌ల్యాండ్' 71. వేరే కంపెనీ అయితే అక్కడితో చేతులు దులుపుకునేదే. మ్యూట్ యజమాని డేనియల్ మిల్లర్ వదల్లేదు. వాళ్లు క్లబ్బుల వెంట తిరిగి పాడారు. 1986 చివర్లో 'సమ్‌టైమ్స్' 2వ స్థానానికి వెళ్లింది. ఆ తర్వాత వెనక్కి చూసుకోవాల్సిన పని లేకపోయింది: 1988 నుంచి వరసగా నాలుగు స్టూడియో ఆల్బమ్‌లు నంబర్ వన్. 'ఓ లామూర్'ని డాలర్ అనే ఇంకో జోడీ పాడితే 1988లో టాప్ టెన్‌లోకి పోయింది. అంటే పాటలో లోపం లేదన్నమాట.

1992 వేసవిలో స్వీడన్ పాప్ బృందం 'అబ్బా' పాటలు నాలుగు పాడి 'అబ్బా-ఎస్క్' అని వదిలితే అది ఐదు వారాలు నంబర్ వన్. వీడియోలో ఇద్దరూ అబ్బా ఆడవాళ్ల వేషాలు కట్టారు. అంత ఊపులో హిట్ల సీడీ రావాలి. రేడియోలో మోగడానికి, షాపులో ముందు వరసలో నిలబెట్టడానికి సీడీతో పాటు ఒక సింగిల్ ఉండాలన్నది ఆనాటి రికార్డు వ్యాపారం రివాజు. కొత్త పాట రాయడమో, పాతదానికి కొత్త బట్టలు వేయడమో చేయాలి. రెండోది చేశారు. కాబట్టి 'హాంబర్గ్ మిక్స్' డ్యాన్సర్ల కాళ్ల కోసం కంటే ముందు కౌంటర్ కోసం పుట్టింది.

అయినా జనం కొన్నారంటే కారణం బీట్ కాదని నా నమ్మకం. పాట మాటలూ వరసా అవే. మారింది గొంతుకున్న పేరు. 1985లో రేడియో పెట్టినవాడు 'ఎవరో మోయేలా పాడుతున్నారే' అనుకున్నాడు. 1992లో అదే పాట వింటే 'ఓ, ఆండీ బెల్' అన్నాడు. మధ్యలో ఏడేళ్లు, పందొమ్మిది సింగిల్స్.

కేవలం రీమిక్స్‌తోనే పని జరిగేదైతే 'ఓన్లీ యూ' సంగతి చూడండి. 1999లో యాజూ హిట్ల సీడీ వచ్చినప్పుడు యాజూ తొలి సింగిల్ అయిన ఈ పాటకీ ఇదే చేశారు. 38 దగ్గర ఆగింది. ఆ పాటకి తీర్చుకోవాల్సిన బాకీ ఏదీ లేదు మరి. 1982లోనే అందరి ఇళ్లకీ చేరింది. 1983 క్రిస్మస్‌కి ఫ్లయింగ్ పికెట్స్ అనే బృందం వాద్యాలు లేకుండా నోటితోనే పాడి ఐదు వారాలు నంబర్ వన్‌లో కూర్చోబెట్టింది. కొత్తగా ఎవరికి అమ్ముతారు?

ఎరేజర్‌కి ఈ కిటుకు ఇంకోసారి పనిచేసింది. 2003లో మరో హిట్ల సీడీ, ఈసారి 'ఓ లామూర్' రీమిక్స్. 1986లో 85 దాటని పాట 13కి వెళ్లింది. 1992 నాటి 'ఫస్ట్ 20 హిట్స్'లో రెండో ట్రాకు 'హెవెన్లీ యాక్షన్' ఒక్కటే మిగిలింది. హిట్ల సీడీలో ఉంది గానీ, చార్టులో దాని స్థానం ఇప్పటికీ వందే.