‘ముందు బరువు తగ్గి రండి’: విశాఖ ఓపీల్లో ఈ మాట వెనక ఉన్న కథ

పెళ్లయి నాలుగేళ్లయినా కడుపు పండలేదని సంతాన సాఫల్య కేంద్రానికి వెళ్లిన అమ్మాయిని ముందు తూకం మిషన్ ఎక్కిస్తారు. చీటీ మీద మందుల కంటే పైన, పెన్నుతో రెండుసార్లు గీత గీసి ‘వెయిట్ రిడక్షన్’ అని రాస్తారు. ‘మూడు నెలల తర్వాత రండమ్మా’ అంటారు. బరువు తగ్గితేనే వైద్యం మొదలుపెట్టాలా, వైద్యం చేస్తూనే బరువు తగ్గించాలా అన్న వాదన కొత్తదేమీ కాదు. అది ఇప్పుడు మళ్లీ వేడెక్కడానికి రెండు కారణాలున్నాయి.

ఒకటి, ప్రభుత్వం పిల్లల్ని కనమంటోంది. ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులన్న 1994 నాటి నిబంధనను రాష్ట్ర అసెంబ్లీ 2024 నవంబరులో ఎత్తేసింది. మరుసటి ఏడాది మార్చిలో పక్కనే ఉన్న విజయనగరం ఎంపీ మూడో బిడ్డ ఆడపిల్లయితే యాభై వేలు, మగపిల్లాడైతే ఆవు ఇస్తానన్నారు. 2025 జూన్ 21న యోగా దినోత్సవానికి ఆర్కే బీచ్‌కు వచ్చిన ప్రధాని మాత్రం ఊబకాయం గురించి మాట్లాడి, వంటనూనె పది శాతం తగ్గించుకోమన్నారు. ఒకరు కనమంటారు, ఇంకొకరు తగ్గమంటారు. మహారాణిపేట, ఆసీల్‌మెట్ట ఆసుపత్రుల బెంచీల మీద కూర్చున్న ఆడవాళ్లకు ఈ రెండు మాటలూ ఒకేసారి వినిపిస్తున్నాయి. రెండో కారణం వారానికోసారి వేసుకునే బరువు తగ్గించే ఇంజెక్షన్లు. వాటి సంగతి చివర్లో.

కొవ్వుకూ సంతానానికీ సంబంధం ఎలా బయటపడిందన్న పాత చరిత్రంతా ఇక్కడ తిరగేయనక్కర్లేదు. ఒక్క విషయం తెలిస్తే చాలు. ఒంట్లోని కొవ్వు ఊరికే నిల్వ ఉండే సరుకు కాదు. అందులో అరోమటేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. అది మగ హార్మోన్లను ఈస్ట్రోజన్‌గా మారుస్తుంది. బరువు పెరిగేకొద్దీ ఇన్సులిన్ కూడా పెరుగుతుంది, దాంతో అండాశయాలు మగ హార్మోన్లను ఎక్కువగా తయారుచేస్తాయి. మెదడుకూ అండాశయానికీ మధ్య లెక్క తప్పి అండం విడుదల కాదు, నెలసరి నెలల తరబడి రాదు. మన ఇళ్లలో పీసీఓడీ అని పిలుచుకునే సమస్యలో జరిగేది చాలావరకు ఇదే. అరోమటేజ్ పేరు గుర్తుంచుకోండి, అసలు మలుపు దాని దగ్గరే ఉంది.

2011 అక్టోబరులో కేంద్ర ఆరోగ్యశాఖ లెట్రోజోల్ అనే మాత్రను సంతాన వైద్యంలో వాడకూడదని నిషేధించింది. రొమ్ము క్యాన్సర్‌కు మాత్రం వాడుకోవచ్చంది. ఇప్పటి గొడవను అర్థం చేసుకోవాలంటే ఈ ఒక్క నిర్ణయాన్ని చూస్తే చాలని నా అభిప్రాయం.

లెట్రోజోల్ చేసే పని అరోమటేజ్‌ను అడ్డుకోవడం. నెలసరి మొదట్లో అయిదు రోజులు వేసుకుంటే ఈస్ట్రోజన్ కాస్త తగ్గుతుంది. మెదడు ఆ లోటు గమనించి అండాశయానికి సంకేతం పంపుతుంది, అండం పెరుగుతుంది. పిండం ఏర్పడే సమయానికి మందు చాలావరకు ఒంట్లోంచి వెళ్లిపోతుంది. పైగా మాత్ర చవక. దీనికంటే ముందునుంచీ ఉన్న క్లోమిఫీన్ లావుగా ఉన్న ఆడవాళ్లలో అంత బాగా పనిచేయదన్నది గైనకాలజిస్టులు ఏళ్లుగా చూస్తున్నదే.

మరి నిషేధం ఎందుకు? 2005లో కెనడా నుంచి వచ్చిన ఒక చిన్న పరిశీలన దీనికి మూలం. ఈ మందు వాడిన తల్లులకు పుట్టిన నూట యాభై మంది పిల్లలను చూసి, గుండె, ఎముకల లోపాలు ఎక్కువగా ఉన్నాయని ఒక సదస్సులో చెప్పారు. మరుసటి ఏడాదే 911 మంది శిశువులను పరిశీలించిన ఇంకో అధ్యయనం క్లోమిఫీన్‌తో పోలిస్తే అలాంటి పెరుగుదల ఏదీ లేదని తేల్చింది. అంటే భయం 2005 నాటిది, దానికి జవాబు 2006 నాటిది, మన నిషేధం 2011ది. అప్పటికి ఇక్కడ మందులకు అనుమతులిచ్చే తీరు మీదే పెద్ద రభస నడుస్తోంది. ఆ రభసలో అధికారులకు మాత్రను ఆపేయడమే తేలికగా తోచినట్టుంది.

2014లో అమెరికాలో పీసీఓడీ ఉన్న 750 మందిపై జరిగిన పరీక్ష ఫలితాలు వచ్చాయి. లెట్రోజోల్ తీసుకున్నవారిలో 27.5 శాతం మందికి బిడ్డ పుట్టింది, క్లోమిఫీన్ తీసుకున్నవారిలో 19.1 శాతం మందికి. సన్నగా ఉన్నవారిలో రెంటికీ పెద్ద తేడా లేదు, బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చెప్పే అంకె) 30 దాటినవారిలోనే లెట్రోజోల్ ముందుంది. సరిగ్గా ఎవరిని ‘బరువు తగ్గి రా’ అని పంపేస్తున్నామో వాళ్లకే పనికొచ్చే మందు అప్పటికి మన దగ్గర ఇంకా నిషేధంలోనే ఉంది. దాన్ని ఎత్తేసింది 2017లో.

ఆ అయిదారేళ్లలో లావుగా ఉన్న అమ్మాయికి డాక్టర్ల దగ్గర ఏం మిగిలింది? అంతగా పనిచేయని క్లోమిఫీన్, షుగర్ మందు మెట్‌ఫార్మిన్, ఖరీదైన హార్మోన్ ఇంజెక్షన్లు, లాప్రోస్కోపీ, ఆపైన ఐవీఎఫ్ (ఒంటి బయట పిండాన్ని తయారుచేసే వైద్యం). ఇవేవీ కాకపోతే నడక. మందు పనిచేయకపోతే నింద మందు మీద పడలేదు, ఒంటి మీద పడింది. నగరంలో సాఫల్య కేంద్రాల బోర్డులు పెరిగిన కాలమూ దాదాపు ఇదే. రెంటికీ ముడి పెట్టడం నా అనుమానం మాత్రమే, కానీ గట్టి అనుమానం. ఈ మధ్యలోనే రాష్ట్రంలో ఆడవాళ్ల బరువూ పెరుగుతూ వచ్చింది. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం బీఎంఐ 25 దాటిన మహిళలు 2015–16లో 33.2 శాతం, 2019–21 నాటికి 36.3 శాతం. దేశం మొత్తమ్మీద అది 24 శాతమే.

డాక్టర్ల వాదననూ వినాలి. గర్భం రావడం ఒక ఎత్తు, నిలబడి కాన్పు కావడం ఇంకో ఎత్తు అంటారు వాళ్లు. అది నిజం. బరువు ఎక్కువున్న గర్భిణికి షుగర్, బీపీ, గుర్రపువాతం, కాళ్లలో రక్తం గడ్డకట్టడం వంటి ముప్పులన్నీ పెరుగుతాయి. స్కానింగ్‌లో బిడ్డ స్పష్టంగా కనిపించదు, వెన్నులో మత్తు ఇవ్వడం కష్టమవుతుంది. గర్భస్రావం, బిడ్డ కడుపులోనే పోవడం కూడా ఎక్కువే. 2019–21 సర్వే నాటికే రాష్ట్రంలో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లు. కేజీహెచ్‌లోనో, పాతబస్తీ ఘోషా ఆసుపత్రిలోనో రాత్రి డ్యూటీలో కాన్పు చేయాల్సిన డాక్టరుకు ఈ భయం ఉండటం న్యాయమే. గర్భం నిలిచిందని మిఠాయి పంచుకునేది ఒకచోట, బీపీ పెరిగిన తల్లిని అంబులెన్సులో దించేది ఇంకోచోట. ఇంట్లోనేమో ‘ఇద్దరి తిండి తినాలి’ అంటూ పుట్టింటి నుంచి చలిమిడి, సున్నుండలు వస్తూనే ఉంటాయి. ఊబకాయం ఉన్న గర్భిణి తొమ్మిది నెలల్లో అయిదు నుంచి తొమ్మిది కిలోలే పెరగాలని 2009 నాటి అమెరికా మార్గదర్శకాలు చెబుతాయి. ఆ లెక్క చెప్పి, నెలనెలా చూసే ఓపిక ఎక్కడా పెద్దగా కనిపించదు.

అయినా ‘ముందు బరువు’ అన్న సూత్రాన్ని నిజంగా పరీక్షించి చూస్తే ఏం తేలింది? 2016లో నెదర్లాండ్స్ (డచ్చి) డాక్టర్లు బీఎంఐ 29, ఆపైన ఉన్న 577 మందిని రెండు జట్లుగా విడగొట్టారు. ఒక జట్టుకు ఆరు నెలలు తిండి, వ్యాయామం, ఆ తర్వాతే వైద్యం. రెండో జట్టుకు వెంటనే వైద్యం. రెండేళ్లలో, నెలలు నిండి, మామూలు కాన్పుతో, ఆరోగ్యంగా ఒకే బిడ్డను కన్నవారు ఆగిన జట్టులో 27.1 శాతం, ఆగనివారిలో 35.2 శాతం. అయితే ఆగినవాళ్లలో మందుల్లేకుండా సహజంగా గర్భం దాల్చినవారు ఎక్కువ, 26.1 శాతం. ఆగనివారిలో 16.2 శాతమే. బరువు తగ్గడం వృథా కాదన్నమాట. దానికోసం వైద్యం ఆపడమే పనికిరాలేదు. ముప్పై అయిదు దాటిన ఆమెకు ఆ ఆరు నెలలు ఎవరూ తిరిగి ఇవ్వలేరు కూడా.

గోడ మీది బీఎంఐ చార్టు సంగతి ఇంకో తంటా. మనవాళ్లకు తక్కువ బరువుకే షుగర్ వస్తుందని 2009లో భారతీయ వైద్యులు ఊబకాయం గీతను బీఎంఐ 25కి దించారు. షుగర్, గుండెజబ్బుల విషయంలో అది సబబే. కానీ సహజంగా గర్భం వచ్చే అవకాశం బీఎంఐ ఒక్కో అంకె పెరిగేకొద్దీ సుమారు అయిదు శాతం చొప్పున తగ్గుతుందన్న 2008 నాటి డచ్చి లెక్క మొదలయ్యేది 29 దగ్గర. అయిదడుగుల మనిషికి 25 అంటే 58 కిలోలు, 29 అంటే 67. ఈ రెండు అంకెల మధ్య ఉన్న అమ్మాయిలెందరో షుగర్ చార్టు చూపించి వెనక్కి పంపబడుతున్నారు. పీసీఓడీ ఉన్నవారిలో నడుము చుట్టు కొవ్వు తక్కువ బరువుకే ఇబ్బంది పెడుతుందని డాక్టర్లు అంటారు. అలాగైతే టేపు పెట్టి నడుము కొలవాలి, తూకం మిషన్‌తో సరిపెట్టకూడదు.

భర్తను తూకం ఎక్కించడం మాత్రం అరుదు. 2019–21 సర్వే ప్రకారం రాష్ట్రంలో మగవాళ్లలోనూ 31 శాతం మంది బీఎంఐ 25 దాటినవారే. మగవాడి పొట్టలోని కొవ్వూ అదే అరోమటేజ్‌తో టెస్టోస్టిరాన్‌ను ఈస్ట్రోజన్‌గా మారుస్తుంది, వీర్యకణాలు తగ్గుతాయి. అయినా ‘వెయిట్ రిడక్షన్’ అని గీత గీసిన చీటీ ఆయన పేరు మీద ఎప్పుడు చూశాం?

ఇక ఇంజెక్షన్లు. 2025 మార్చిలో మౌంజారో, జూన్‌లో వెగోవీ మన దేశంలోకి వచ్చాయి. ‘డచ్చివాళ్లు తగ్గించింది సగటున 4.4 కిలోలే, ఇప్పుడు మేం పదిహేను శాతం తగ్గించగలం’ అంటోంది ‘ముందు బరువు’ పక్షం. వినడానికి బాగుంది. కానీ వెగోవీలోని సెమాగ్లుటైడ్‌ను గర్భానికి కనీసం రెండు నెలల ముందు, మౌంజారోను నెల ముందు ఆపేయాలి. సెమాగ్లుటైడ్ ఆపిన ఏడాదిలో తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగొచ్చిందని ప్రధాన పరీక్ష కొనసాగింపులోనే తేలింది. అంటే బరువు తిరిగి ఎక్కే నెలలూ, కడుపుతో ఉండే నెలలూ ఒకటే కావచ్చు. మరోపక్క, ఏళ్లుగా నెలసరి రానివాళ్లకు నాలుగు కిలోలు తగ్గగానే అండం విడుదలై, అనుకోకుండా గర్భం వచ్చేయవచ్చు. మౌంజారో వాడుతుంటే గర్భనిరోధక మాత్ర సరిగా పనిచేయకపోవచ్చు కూడా. మొదలుపెట్టినప్పుడూ, డోసు పెంచిన ప్రతిసారీ నాలుగు వారాలు కండోమ్ వాడాలన్న హెచ్చరిక మందు పెట్టెలోని కాగితంలోనే ఉంటుంది. ఆ కాగితం విప్పి చదివేదెవరు?

చట్టం ఏమంటుందో కూడా చూడాలి. 2021 నాటి సహాయక సంతాన సాంకేతికత చట్టం ఆడవాళ్లకు 21 నుంచి 50, మగవాళ్లకు 21 నుంచి 55 ఏళ్లని వయసుకు హద్దు పెట్టింది. బరువుకు ఏ హద్దూ పెట్టలేదు. బ్రిటన్‌లో ప్రభుత్వ ఖర్చుతో ఐవీఎఫ్ కావాలంటే చాలాచోట్ల బీఎంఐ 30 లోపు ఉండాలి, న్యూజిలాండ్‌లో 32. అక్కడ నియమం కాగితం మీద ఉంది కాబట్టి ప్రశ్నించవచ్చు, అప్పీలు చేయవచ్చు. విశాఖలో అది డాక్టరు నోటిమాట. ఒక వీధిలో 80 కిలోలకు కాదన్నవారే ఉంటే, పక్కవీధిలో అదే బరువుకు ఆ రోజే అడ్వాన్సు కట్టించుకునేవారూ ఉంటారు.